కొండ దిగిన అద్దం

పెళ్లయిన కొత్తలో నాకు అన్నీ ముద్దుగానే కనిపించాయి. స్నానాల గది గూట్లో మా ఆయన బ్రష్షు పక్కన నా బ్రష్షు, తలుపు వెనక మేకుకి ఆయన చొక్కా మీద నా చున్నీ, పొద్దున్నే కింద దుకాణం షట్టరు కిర్రుమంటూ లేచే చప్పుడు, చివరికి ఆయన గురక కూడా. గురక సంగతి ఫోన్లో మా అమ్మకి చెబితే, "ఆర్నెల్లు పోనీ, అప్పుడు మళ్లీ చెప్పు, వింటాను" అంది.

అన్నిటికంటే ముద్దొచ్చింది మా గదిలో అద్దం. నేను గుమ్మంలో అడుగుపెట్టిన రోజే మామయ్య చూపించారు, కొత్త టేకు ఫ్రేములో, తళతళలాడుతూ. దాని ముందు నిలబడితే తలనుంచి మోకాళ్ల దాకా కనిపిస్తాను. పక్కకి జరిగితే మంచం, దాని మీద పేపర్లు దిద్దుకుంటూ మా ఆయన కనిపిస్తాడు. తల దువ్వుకుంటున్నట్టు నటిస్తూ ఆయన్ని ఎంతసేపైనా చూడొచ్చు. ఇంతకంటే మంచి కానుక ఎవరిస్తారు?

మా అత్తమామలది అద్దాల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. కిటికీలకి గాజు పలకలు కోసిస్తారు, ఫొటోలకి ఫ్రేములు కడతారు, నిలువుటద్దాలు ఇంటికి మోసుకెళ్లి బిగించి వస్తారు. మా ఆయన ఆ పనిలోకి రాలేదు, హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. అందుకే నేను ఆయన్ని మాస్టారూ అంటాను. పెద్దవాళ్ల ముందైతే మీరు, గదిలోకి వెళ్లాక నువ్వు.

ఆ దుకాణంలో ఒక పద్ధతుంది. గాజు కోసే ముందు మామయ్య వచ్చిన మనిషిని మూడుసార్లు అడుగుతారు. "కొయ్యమంటారా?" అని ఒకసారి. కొలత పైకి చదివి ఇంకోసారి. గాజు కోసే కలం పలక మీద ఆనించి మూడోసారి. ఈ మూడింటికీ ఊఁ అంటేనే కోత. కోసిన గాజుని మళ్లీ అతికించలేం కదమ్మా అంటారు. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. ఒకాయనైతే, "నా పెళ్లికి కూడా నన్ను ఇన్నిసార్లు అడగలేదయ్యా" అన్నాడు.

ఇంకో పద్ధతి మోతది. పెద్ద పలకల్ని అత్తయ్యా మామయ్యా ఇద్దరే మోస్తారు, మూడో మనిషిని చెయ్యి వెయ్యనివ్వరు. దళసరి చేతితొడుగులు వేసుకుని చెరో కొసా పట్టుకుంటారు. పట్టు, లేపు, ఎడమ, మెట్టు, ఆగు, దించు. ఇవే మాటలు. మెట్లు దిగేటప్పుడు మామయ్య కింద ఉండి వెనక్కి వెనక్కి నడుస్తారు, పైనున్న అత్తయ్య ఆయనకి మెట్లు చెబుతుంది. మామూలుగా ఆయన్ని మీరు అనే మనిషి, చేతిలో గాజు ఉన్నంతసేపు మాత్రం "ఆగు", "తిరుగు" అంటుంది. నేను నవ్వితే, "అండీ గిండీ అంటూ కూర్చుంటే వేళ్లు మిగలవే అమ్మాయ్" అంది.

కాపురానికొచ్చిన రెండు వారాలకి గానీ నాకు వెలగలేదు, వాళ్లిద్దరి మధ్య ఆ మాటలు తప్ప వేరే మాటలే లేవని.

"మీ అమ్మా నాన్నా మొదట్నించీ ఇంతేనా?" అని మా ఆయన్ని అడిగాను.

"వీళ్లా? మా ఇంట్లో రేడియో కొనకపోవడానికి కారణం వీళ్లే. గోడకి మేకు ఎక్కడ కొట్టాలన్న దాని మీద భోజనం మొదలెట్టి లేచేదాకా మాట్లాడుకునేవాళ్లు."

"మరి ఎప్పట్నించి ఇలా?"

ఆయన పేపరు దిద్దుతున్నట్టు తల వంచుకున్నాడు. "మన పెళ్లి వారం నుంచి."

"నా వల్లా?"

"నీ వల్ల కాదు. నీ అద్దం వల్ల."

అప్పుడు చెప్పాడు. అది కొత్త అద్దం కాదట. దుకాణం తెరిచిన రోజు వాళ్లు కొన్న మొదటి నిలువుటద్దం. బండివాళ్లెవరూ పగిలితే మా పూచీ కాదంటూ ఎక్కించుకోకపోతే, ఊరి ఆ చివర్నించి ఈ చివరికి ఇద్దరే కాలినడకన మోసుకొచ్చారట. పట్టు, ఆగు, దించు, ఆ మాటలన్నీ ఆ రోజు దారిలో పుట్టినవే. దారి పొడుగునా జనం ఆగి అందులో జుట్టు సర్దుకున్నారట. దాన్ని అమ్మకుండా మెట్ల మలుపులో పెట్టుకున్నారు. ఏళ్లు గడిచి వెనక పూత పోయి, ఒక వైపంతా నల్లమచ్చలు పడ్డాయి. కొత్త కోడలి గదికి మంచి అద్దం ఉండాలని మామయ్య మచ్చలున్న మేర కోసేసి, మిగతాదానికి టేకు ఫ్రేము కట్టారు. వాళ్ల పనిలో అది రోజూ చేసేదే. పాడైనంత తీసెయ్యి, బాగున్నంత కాపాడుకో. ఆయన అద్దాన్ని బతికించాననే అనుకున్నారు.

"పెళ్లి బట్టలు కొనుక్కుని అమ్మ ఇంటికొచ్చేసరికి మెట్ల మలుపు ఖాళీ."

"ఏమన్నారు?"

"ఒక్కటే మాట. 'అడగలేదు' అంది. ఇంకేం అనలేదు. తిట్టినా బాగుండేది."

మర్నాడు నేను అత్తయ్య దగ్గరికెళ్లి, అద్దం మళ్లీ మెట్ల దగ్గరే పెట్టేద్దామన్నాను. ఆవిడ ఫ్రేము చెక్కకి గరుకు కాగితం పడుతోంది.

"ఎందుకు? నీకిచ్చారు, నువ్వు చూసుకో. నీ మీద నాకేం లేదు."

"మరి మామయ్య మీద?"

"పైన బట్టలు ఆరాయేమో చూడు."

ఇక ఆ మాట అక్కడితో సరి.

*

వేసవి సెలవులిచ్చారు. అత్తయ్య చెల్లెలు, మా చిన్నత్తయ్య, పెళ్లి కానుకగా ఒక ఊళ్లో లాడ్జిలో రెండు గదులు మాట్లాడి పెట్టింది. ఊరు మొత్తం కనిపించే నిటారు కొండ ఒకటి ఉందని, ఇంటిల్లిపాదీ వెళ్లి ఎక్కి రమ్మని. తన ఊరు అక్కణ్ణించి ఇంకో బస్సు దూరం.

అత్తయ్య సంచి సర్దడానికి సాయం వెళ్లాను. నాలుగు రోజుల ప్రయాణానికి ఆ సంచి మరీ బరువుగా ఉంది. చీరల కింద మెత్తటి గుడ్డలో చుట్టిన పొట్లం చేతికి తగిలింది. విప్పితే గాజు కోసే కలం. ఇత్తడి పిడి, మొనకి ఆవగింజలో సగమంత వజ్రం. అత్తయ్య కలం అత్తయ్యదే, మామయ్యది మామయ్యదే. ఒకరిది ఒకరు ముట్టుకోరు, చెయ్యి మారితే మొన పాడవుతుందట.

"సెలవులకి వెళ్తూ ఇది ఎందుకత్తయ్యా?"

ఆవిడ నా చేతిలోంచి తీసుకుని మళ్లీ చుట్టింది. "మా చెల్లెలి ఊళ్లో ఫ్రేములు కట్టేవాళ్లు లేరట. వరండా ఖాళీగానే ఉందంది."

"ఎన్నాళ్లు ఉంటారు అక్కడ?"

"వాడికి పెళ్లయింది. నువ్వొచ్చావు. ఇంక నేను ఇక్కడ చూడాల్సిందేముంది?"

నా చేతిలో మడత పెడుతున్న చీర అలాగే ఉండిపోయింది. "మామయ్యకి తెలుసా?"

"అడిగితే చెబుతాను" అంది అత్తయ్య, సంచి జిప్పు లాగుతూ.

నా కడుపులో మాట నిలవదు. పొయ్యి మీద పాలు పొంగేలోపు మా ఆయనకి చెప్పేశాను. ఆయన స్టవ్ కట్టేసి, గట్టు మీద కూర్చుండిపోయాడు. లెక్కల మాస్టారుకి లెక్క తెగనప్పుడు ఎలా ఉంటాడో అప్పుడే మొదటిసారి చూశాను.

"నాన్నకి నేను చెబుతాలే" అన్నాడు చివరికి.

*

లాడ్జిలో మా గది ఎంత బాగుందో. పసుపు రంగు గోడలు, కిటికీ నిండా కొండ, తెల్లటి దుప్పట్లు, పొందిగ్గా రెండు దిండ్లు. నేను ఆ దిండ్ల మీద చెయ్యేసి మురిసిపోతుండగా అత్తయ్య తన సంచి తెచ్చి మంచం మీద పెట్టింది.

"ఆడవాళ్లం ఈ గది. మగవాళ్లు ఆ గది."

గుమ్మంలో రెండు పెట్టెలు పట్టుకుని నిలబడిన మా ఆయన మొహం చూడాలి. బస్సు తప్పిపోయినవాడిలా ఉన్నాడు. మామయ్య కొడుకు భుజం తట్టి పక్క గదిలోకి తీసుకెళ్లారు.

సాయంత్రం బాల్కనీలో కలుసుకున్నాం. ఆయన బాల్కనీకీ నా బాల్కనీకీ మధ్య మూరెడు ఖాళీ.

"ప్రపంచంలో నాన్నతో హనీమూన్‌కి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా" అన్నాడు.

"మీ నాన్న గురక పెడతారా?"

"మధ్యాహ్నం కునుకులోనే కిటికీ రెక్కలు అదిరాయి."

"ముద్దుగా లేదూ?"

"నీకు పిచ్చి" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "చెప్పాను నాన్నకి."

"ఏమన్నారు?"

"కళ్లజోడు తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. అరిగిపోతుందేమో అనిపించింది."

"అంతేనా?"

"'ఆవిడ ఇష్టం' అన్నాడు. అని మళ్లీ తుడిచాడు."

*

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. లాడ్జి మేనేజరు గేటు తీస్తూ చెప్పాడు. "ఎండెక్కకముందే ఎక్కేయండి. ఎక్కడమే కష్టమనుకుంటారు అందరూ. దిగేటప్పుడు చూసుకోండి, రాయి నున్నగా ఉంటుంది."

లాడ్జి వీధి చివరే కొండ మొదలు. మొదట్లో ఇళ్ల మధ్య సందు, తర్వాత మట్టి దారి, ఆ తర్వాత ఒట్టి బండ. తల ఎత్తి చూస్తే మెడ పట్టేసేంత నిటారు.

"ముప్ఫై అయిదు డిగ్రీలు ఉంటుంది" అన్నాడు మా ఆయన.

"డిగ్రీలు మీ స్కూల్లో పెట్టుకో. చెప్పులు చూసుకుని నడు" అంది అత్తయ్య.

అత్తయ్య ముందు, వెనక నేను, నా వెనక మామయ్య, చివర్న నీళ్ల సీసాల సంచితో మా ఆయన. ఆ వరస వల్ల ఆ పూటకి నాకు పోస్టాఫీసు ఉద్యోగం దొరికింది.

"అమ్మాయ్, మీ మామయ్యని టోపీ పెట్టుకోమను."

మామయ్య నాకు రెండడుగుల దూరంలో ఉన్నారు. టోపీ తీసి పెట్టుకున్నారు. "పెట్టుకున్నానని చెప్పమ్మా."

"పెట్టుకున్నారత్తయ్యా."

"కనిపిస్తోందిలే."

కాసేపటికి వెనక నుంచి, "మోకాలు ఎలా ఉందో అడుగమ్మా" అన్నారు మామయ్య.

"అత్తయ్యా, మోకాలు..."

"ఉంది. రెండూ ఉన్నాయని చెప్పు."

ఎక్కుతున్నకొద్దీ ఊరు కిందకి జారిపోయింది. మొదట డాబాల మీద ఆరేసిన బట్టలు కనిపించాయి, ఆ తర్వాత నీళ్ల ట్యాంకులు మాత్రమే, ఆ పైన ఒట్టి గళ్లు, గీతలు. స్కూలు గంట ఒకటి ఎక్కడో మోగితే మా పాదాల కింద మోగినట్టుంది. నా గుండె దడదడలాడుతున్నా నవ్వాగలేదు. ఒక పెద్ద బండ చాటుకి రాగానే మా ఆయన నా కొంగు పట్టుకుని వెనక్కి లాగాడు. రాత్రంతా గోడ అవతల ఉన్న మొగుడు ఇంత దగ్గరగా కనిపిస్తే, కొండ సంగతి కాసేపు మర్చిపోయాను.

"ఏమయ్యారు ఇద్దరూ?" పైనుంచి అత్తయ్య గొంతు.

"పువ్వు చూస్తున్నామత్తయ్యా. బోటనీ చదివాను కదా."

"ఇక్కడ ముళ్లపొదలు తప్ప పువ్వులెక్కడివి?"

"అదే చూస్తున్నాం, ఎందుకు లేవా అని" అన్నాడు మా ఆయన. మామయ్య దగ్గారు. ఆ దగ్గులో నవ్వు ఉంది.

పైకి చేరేముందు నున్నటి బండ ఒకటి అడ్డొచ్చింది, వానాకాలంలో నీళ్లు జారే దారి. అత్తయ్య చీర దోపుకుని, నాలుగు కాళ్ల మీద పాకి ఎక్కేసింది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా.

కొండ మీద చదునుగా ఉంది. ఇనప కమ్మీల పక్కన ఒకావిడ ఫ్లాస్కుతో టీ అమ్ముతోంది. మేం కమ్మీలు పట్టుకుని నిలబడేసరికి మబ్బు పక్కకి తప్పుకుంది. ఎండ పడగానే ఊళ్లో ఒక కిటికీ మెరిసింది. తర్వాత ఇంకోటి. అంతలో వీధికి వీధి అంటుకున్నట్టు, తూర్పు వైపు కిటికీలన్నీ ఒక్కసారి వెలిగాయి.

"ఆ మూల మేడకి గాజు వంకరగా బిగించారు" అంది అత్తయ్య. నాతో కాదు, ఎవరితోనూ కాదు, ఊరితో. "మిగతావాటితో వెలుగు కలవట్లేదు."

"పుట్టీ సరిగ్గా పెట్టలేదు" అన్నారు మామయ్య, ఆయన కూడా ఊరితోనే.

"ఒకవైపు ఎక్కువైంది."

"ఆఁ, కింద."

ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు, చీకట్లో ఒకరి కాలు ఒకరు తొక్కినట్టు. మామయ్య టోపీ తీశారు, పెట్టుకున్నారు.

"అమ్మా" అన్నారు నాతో. "సెలవులయ్యాక మీ అత్తయ్య ఎటు వెళ్తుందో అడుగు."

పొద్దుటి నుంచీ ఆ పోస్టాఫీసు ఉద్యోగం సరదాగానే చేశాను. అప్పుడు మాత్రం చెయ్యబుద్ధి కాలేదు.

"నేనడగను మామయ్యా" అన్నాను. "ఒక్క గాజు ముక్కకి మూడుసార్లు అడుగుతారు కదా మీరు. ఇది కూడా మీరే అడగండి."

కాపురానికొచ్చి నిండా రెండు నెలలు కాని కోడలు అనాల్సిన మాట కాదు. మా ఆయన నా వైపు చూసి, చటుక్కున టీ ఆవిడ దగ్గరికి నడిచాడు.

"ఎన్ని బాబూ?" అందావిడ.

"నాలుగు" అంది అత్తయ్య, వెనక్కి తిరక్కుండా.

టీలు తాగాం. ఎవరూ ఏమీ అడగలేదు.

*

దిగేటప్పుడు తెలిసింది మేనేజరు చెప్పిన మాట. మా ఆయన సంచీతో సహా రెండుసార్లు కూర్చుండిపోయాడు. రెండోసారి నేను కూడా. నవ్వుకుంటూ లేచి చూసేసరికి అత్తయ్య ఆ నున్నటి బండ పైఅంచున ఆగిపోయి ఉంది. ఎక్కేటప్పుడు చేతులకి పట్టు దొరికింది గానీ దిగేటప్పుడు కాలికి ఏ ఆధారమూ లేదు. కిందంతా గులకరాళ్లు.

మా ఆయన పైకెళ్లి చెయ్యి చాపాడు. "నన్ను పట్టుకో అమ్మా."

"నిన్ను ఎవరు పట్టుకుంటారు? ఇందాకట్నించీ కూర్చునే దిగుతున్నావు."

"పోనీ నువ్వూ కూర్చుని దిగు."

"ఈ మోకాలు మడిస్తే మళ్లీ లేవదు." అత్తయ్య పక్కనున్న రాయికి ఆనుకుంది. మొహాన చెమట. "మీరు వెళ్లండి. ఎండ తగ్గాక మెల్లగా దిగుతాను."

"ఇక్కడే కాపురం పెడతావా?"

"గాలి బాగానే ఉంది."

మాట తేలిగ్గానే అంది, కానీ ఆ రాయిని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. నేను చూశాను. మామయ్యా చూశారు. అప్పటికే ఆయన బండ కింద ఉన్నారు. టోపీ తీసి నా చేతికిచ్చి మళ్లీ పైకెక్కారు, మా ఆయన్ని నా దగ్గరికి దిగమన్నారు. అత్తయ్యకి ఒక అడుగు కిందగా, ఆవిడకి ఎదురుగా నిలబడ్డారు, లోయకీ ఊరికీ వీపు పెట్టి. రెండు చేతులూ చాపారు, ఒకటి పైకి, ఒకటి కిందికి, మధ్యలో పలక ఉన్నట్టు.

"పట్టు" అన్నారు.

అత్తయ్య ఆ చేతుల వంక చూసింది. "ఈ కొండ మీంచి వెనక్కి దిగుతారా? మతి పోయిందా?"

"ఎప్పుడూ దిగేది అలాగేగా. దారి నువ్వు చెప్పు."

నేను మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అత్తయ్య కొంగు దోపుకుని, ఆ చేతులు అందుకుంది.

"ఎడమ" అంది. "ఇంకొంచెం. అక్కడ గుంటుంది, మడమ ఆనించు. ఆఁ. ఇప్పుడు కుడి."

ఆయన అడుగేశారు. ఆవిడ అడుగేసింది.

"ఆగు. గులకరాళ్లు. కాలితో పక్కకి నెట్టు. దిగు."

మామయ్య ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు. వెనక ఏముందో అంతా అత్తయ్య మొహంలో చూసుకుంటున్నారు. ఇద్దరి మధ్యా చెయ్యి చాపినంత ఎడం. అది తగ్గలేదు, పెరగలేదు. గాజు పలక ఒరిగిపోకుండా దింపుతున్నట్టే దిగారు.

"అడగలేదు" అంది అత్తయ్య. నేను అదీ మెట్టు మాటే అనుకున్నాను.

"అడగలేదు" అన్నారు మామయ్య.

"ఎడమ. ముక్కూ మొహం తెలీనివాళ్లని మూడుసార్లు అడుగుతావు."

"నిన్ను అడగడమంటే నన్ను నేను అడుక్కోవడమేగా అనుకున్నా."

"ఆగు. రాయి. ఆఁ, దాటావు. నేను వేరే మనిషిని."

"ఊఁ."

"ఊఁ కాదు."

"వేరే మనిషివి" అన్నారు మామయ్య.

"మెట్టు."

బండ సగం దాటింది.

"ఆ కోసిన ముక్క ఎక్కడ పారేశావు?"

"పారెయ్యలేదు. దుకాణంలోనే ఉంది, బీరువా వెనక. గుడ్డ చుట్టి పెట్టాను."

"రోజూ దుకాణం ఊడ్చేది నేను."

"బీరువా వెనక ఎప్పుడు ఊడ్చావు?"

అత్తయ్య కాలు గాల్లోనే ఆగింది. అయిపోయింది అనుకున్నాను. ఆవిడ ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. అది నవ్వేనని ఒట్టేసి చెప్పలేను.

"కుడి" అంది.

బండ అయిపోయింది. మట్టి దారొచ్చింది. చదునైన నేల మీదకి రాగానే దించు అనాలి. ఆ మాట ముందున్నవాళ్లు అనొచ్చు, వెనకున్నవాళ్లూ అనొచ్చు. ఎవరూ అనలేదు. ఇళ్ల మధ్య సందులోకొచ్చాం. మామయ్య ఇంకా వెనక్కే నడుస్తున్నారు, అత్తయ్య ఇంకా చెబుతోంది, "సైకిలు వస్తోంది, కుడికి జరుగు" అని. గుమ్మాల్లో కూర్చున్నవాళ్లు లేచి చూశారు. ఒక ముసలాయన వాళ్లిద్దరూ మధ్యలో ఏం మోస్తున్నారో కనిపించక కళ్లు చికిలించాడు.

"దించు అనలేదు ఇంకా" అని గుసగుసలాడాడు మా ఆయన.

"నోర్మూసుకుని నడు" అన్నాను నేను.

లాడ్జి గేటు దగ్గర ఆగారు. మామయ్య చేతులు వదల్లేదు.

"సెలవులయ్యాక ఎటు వెళ్తావు?"

"చెల్లెలి దగ్గరికి" అంది అత్తయ్య. "మాటిచ్చాను."

ఆయన తలూపారు. అప్పుడు చేతులు వదిలారు.

ఆ సాయంత్రం పసుపు గోడల గదిలోంచి అత్తయ్య నా పెట్టె తీసి గుమ్మం బయట పెట్టింది. "వాడు నిన్న రాత్రి నిద్రపోలేదట, కళ్లు చూడు ఎలా ఉన్నాయో. నువ్వు ఇక్కడుండి ఏం చేస్తావు, ఆ బాల్కనీ మీంచి ఏదో ఒక రోజు పడతారు ఇద్దరూ" అంది. మామయ్య ఏ గదిలో పడుకున్నారని మీరు అడగొచ్చు. నేను అడగలేదు. ఆ రాత్రి గోడ అవతల్నించి గురక మాత్రం వినిపించింది, దాని మధ్య మధ్య "పక్కకి తిరగండి" అని అత్తయ్య గొంతు.

*

బస్టాండులో రెండు బస్సులు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒకటి మా ఊరికి, ఒకటి చిన్నత్తయ్య ఊరికి. అత్తయ్య తన బస్సు మెట్టు మీద కాలు పెట్టి, మళ్లీ దిగింది. సంచిలోంచి మెత్తటి గుడ్డ పొట్లం తీసి మామయ్య చేతిలో పెట్టింది.

"బస్సు కుదుపులకి మొన దెబ్బతింటుంది. మీ దగ్గరుంచండి."

చెయ్యి మారితే పాడవుతుందన్న ఆ కలాన్ని మామయ్య చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ఇల్లు చేరేదాకా దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆ తర్వాతి రోజుల్లో గాజు మోతకి రెండో మనిషిని నేనే. మామయ్య ఓపిగ్గా నేర్పారు. ఆగు అనాల్సిన చోట నేను అమ్మో అంటే, ఆయన ఆగడం నేర్చుకున్నారు. రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తి వీధి చివరకి ఒకసారి చూసేవారు. బీరువా మాత్రం జరపలేదు.

మొదటి వానకి అత్తయ్య వచ్చింది, తడిసి ముద్దై. చిన్నత్తయ్య వరండా ఏమైందని నేనడిగితే, "కురుస్తోంది" అంది. సంచి గుమ్మంలో పడేసి, పైకి కూడా రాకుండా, దుకాణంలోకి వెళ్లి బీరువాకి భుజం ఆనించింది. మా ఆయనా నేనూ పరుగెత్తాం. మామయ్య అప్పటికే అవతలి వైపు పట్టుకున్నారు.

గుడ్డ విప్పితే జానెడు వెడల్పు అద్దం ముక్క. సగం నల్లమచ్చలు. మచ్చల మధ్య ఒక కన్ను, కొంచెం చెంప మాత్రం కనిపిస్తాయి. అత్తయ్య దాన్ని కోత బల్ల మీద పెట్టి, కొంగుతో దుమ్ము తుడిచింది.

"ఈ అంచు గరుకుగా ఉంది. ఫ్రేములో కూర్చోదు" అంది.

మామయ్య కొలబద్ద ఆనించి చూశారు. "ఒక్క పిసరు తియ్యాలి. కొయ్యమంటావా?"

"ఊఁ."

ఆయన కొలత పైకి చదివారు. "కొయ్యమంటావా?"

"కొయ్యమనే కదా చెబుతున్నాను."

మామయ్య జేబులోంచి కలం తీశారు, ఆయనది కాదు, ఆవిడది. గుడ్డ విప్పి, పిడి అత్తయ్య వైపు తిప్పి పట్టుకున్నారు. అంచు మీద వేలు పెట్టి గీత చూపించారు. బయట వాన జోరందుకుంది.

"కొయ్యమంటావా?" అన్నారు మూడోసారి.

అత్తయ్య కలం అందుకుని, తడి చెయ్యి చీరకి తుడుచుకుంది.

"నేను కోస్తాను" అంది. "నువ్వు పట్టు."